ఊర్ వెండి లైర్ నకలు: శ్రుతి నిలవని వాయిద్యం మీద ఒక కేస్ స్టడీ

ప్రాచీన వాయిద్యాల నకళ్లు బాగుచేసే పనిలో ఎక్కువగా వినే ఫిర్యాదు ఒకటుంది: "చూడ్డానికి అచ్చం అలాగే ఉంది, వాయిస్తే మాత్రం ఏమీ రావడం లేదు." ఇరాక్‌లోని ప్రాచీన ఊర్ నగరం సమాధిలో దొరికిన లైర్ అనే తీగ వాయిద్యానికి చేసిన నకలుతో ఈ కేసూ అలాగే మొదలైంది. నకలు చేసినాయన మంచి పనిమంతుడు. కొలతల్లో ఎక్కడా తేడా లేదు. అయితే ఆయన కొలిచింది సమాధిలో దొరికిన వాయిద్యాన్ని కాదు, దాని మిగిలిన భాగాలను నిలబెట్టడానికి ఆధునిక కాలంలో చేసిన ఆకారాన్ని. ఆ సంగతి ఒక్కో మరమ్మతు దగ్గర ఒక్కో రకంగా ఎదురైంది. అందుకే దీన్ని రాసి పెడుతున్నాను.

సంస్థ పేరు, దేశం, మనుషుల పేర్లు తీసేశాను. దాన్ని ఇక్కడ "మ్యూజియం" అంటాను. అది ఒక విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండే చిన్న బోధనా మ్యూజియం. నేను వీణలు, తంబురాలు బాగుచేస్తూ ఈ రంగంలోకి వచ్చినవాణ్ణి. ఆ అనుభవం ఇందులో ఒక చోట బాగా పనికొచ్చింది, ఇంకో చోట పక్కదారి పట్టించబోయింది.

నేపథ్యం

దక్షిణ ఇరాక్‌లో నసీరియా దగ్గర ఊర్ నగరం దిబ్బ ఉంది. బ్రిటిష్ మ్యూజియం, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ మ్యూజియం కలిసి 1922 నుంచి 1934 దాకా అక్కడ తవ్వకాలు జరిపాయి. నాయకుడు లెనార్డ్ వూలీ. అక్కడి శ్మశానవాటికలో బయటపడిన దాదాపు 1,850 సమాధుల్లో 16 సమాధులను ఆయన రాజ సమాధులుగా లెక్కించాడు. వాటి కాలం ఇంచుమించు క్రీ.పూ. 2600–2450. వాటిలోంచే లైర్లు బయటపడ్డాయి. నాద పెట్టె మీద రెండు భుజాలు, వాటి కొసల మీద ఒక అడ్డకర్ర, అడ్డకర్ర నుంచి పెట్టె దాకా తీగలు, ముందు వైపు ఎద్దుదో ఆవుదో తల. స్థూలంగా లైర్ అంటే ఇదీ.

మన కేసులోని నకలుకు మూలం వూలీ 'మహా మృత్యు గుంట' అని పిలిచిన 1237వ నంబరు సమాధిలో దొరికిన వెండి లైర్. ఆ గుంటలో 74 మంది పరివారం అస్థిపంజరాలు దొరికాయి. అందులో 68 మంది స్త్రీలు, ఆరుగురు పురుషులు. వెండి లైర్ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఎత్తు మీటరుకు కాస్త తక్కువ. చెక్క మీద వెండి రేకు పరిచి చిన్న చిన్న వెండి మేకులతో బిగించారు. పెట్టె అంచుల్లో శంఖం ముక్కలు, లాపిస్ లాజులి అనే నీలి రాయి పొదిగారు. తలకు గడ్డం లేదు కాబట్టి దాన్ని ఆవు తలగా భావిస్తారు. అడ్డకర్ర దగ్గర 11 వెండి గొట్టాలు ఉన్నాయి. తీగలు 11 అని చెప్పడానికి ఆధారం అవే.

మట్టిలోంచి తీసేటప్పటికి ఆ లైర్ పరిస్థితి ఏమిటో ఇక్కడ చెప్పక తప్పదు. లోహం పెళుసెక్కిపోయింది. భుజాలు చదునుగా అణిగిపోయాయి. పెట్టె పైభాగంలో, వెనక అంచులో వెండి నాశనమైంది. ముందు ఫొటో తీసి, తర్వాత మైనం పోసి, మైనపు గుడ్డ కప్పి, కదలకుండా చేసి పైకెత్తారు. చెక్క కుళ్లిపోయింది. కాబట్టి ఈ రోజు అద్దాల పెట్టెలో కనిపించే నిండు ఆకారంలో రేకు, గొట్టాలు, పొదుగు పని పాతవి. వాటిని పట్టుకుని ఉన్న శరీరం కొత్తది.

ఏ సమస్యతో వచ్చారు

మ్యూజియం సంగీత విభాగం ఆచార్యురాలు ముందుగా ఫోన్ చేసి, తర్వాత వాయిద్యాన్ని పంపారు. ఆమె చెప్పిన ఇబ్బందులు నాలుగు. పొద్దున శ్రుతి చేస్తే మధ్యాహ్నం క్లాసుకు దిగిపోతోంది. మోత అసలే లేదు, మూడో వరుస కుర్చీకి వినపడదు. ఆవు తల పెట్టెకు అతికే చోట అతుకు విచ్చుకుంటోంది. నాలుగోది ఆమెకు అన్నిటికన్నా ముఖ్యమైనది: పాఠం మధ్యలో ఒక మేళం (స్వరాల వరస) నుంచి ఇంకో మేళానికి తీగలు మార్చి వినిపించాలి, ఆ మార్పుకు పానా కావాల్సి వస్తోంది. పిల్లల ముందు అరగంట పాఠంలో పది నిమిషాలు పానా తిప్పడానికే పోతే టెన్షన్ రాక ఏమవుతుంది?

వాయిద్యాన్ని బల్ల మీద పెట్టి మా కుర్రాడు ముందు పలకను గోటితో తట్టి చూశాడు. "అన్నా, ఇది వాయిద్యం కాదు, బీరువా" అన్నాడు. ముతకగా అన్నా, రోగ నిర్ధారణ మాత్రం సరైనదే. తంబురా బుర్ర మీదో, వీణ పలక మీదో తడితే వేలికి తిరిగి ఏదో తగిలినట్టుంటుంది. ఇక్కడ తట్టిన చప్పుడు అక్కడే చచ్చిపోయింది. ముందు పలక మందం 9 మిల్లీమీటర్లు, గట్టి బీచ్ చెట్టు చెక్క. దాని మీద వెండి పూత పూసిన రాగి రేకు, అడుగంతా ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికించి ఉంది. మేకులు అలంకారానికి కొట్టినవే. 11 గొట్టాల లోపల ఉక్కు పిన్నులు దాచారు, వాటి కోసం అడ్డకర్రలో వరసగా 11 రంధ్రాలు తొలిచారు.

విప్పే ముందు

ఇలాంటి పనిలో నేను ముందు దారాలు కడతాను. వాయిద్యంలో ప్రతి భాగానికీ ఒక రంగు. ఎరుపు అంటే సమాధిలో దొరికిన వస్తువులో రుజువున్నది. నీలం అంటే ఆ కాలపు బొమ్మల్లో కనిపించేది. పసుపు అంటే తర్వాతి కాలపు రాతల్లో ఉన్నది. తెలుపు అంటే మన ఊహ. ఆచార్యురాలిని పక్కన కూర్చోబెట్టుకుని కట్టాం. తల, రేకు, మేకులు, అంచు పని, గొట్టాల సంఖ్య ఎరుపు. పట్టుకునే తీరు నీలం. శ్రుతి పసుపు. చెక్క జాతి, పలక మందం, తీగలు ఆనే బ్రిడ్జి ఆకారం, తీగ దేనితో చేసింది, పెట్టె లోపలి నిర్మాణం అన్నీ తెలుపే. ఎరుపు దారాలు కంటికి కనిపించే భాగాలకే పడ్డాయి. నాదాన్ని నిర్ణయించే భాగం ఒక్కటీ ఎరుపులో లేదు.

ఆవిడ కాస్త నీరుగారిపోయారు. "అయితే ఇన్నాళ్లూ నేను పిల్లలకు చూపించింది ఏమిటి?" అని అడిగారు. దానికి నేను రాణి లైర్ కథ చెప్పాను. పువాబి రాణి సమాధి, అంటే 800వ నంబరు సమాధిలో ఒక లైర్, ఒక హార్ప్ (విల్లులా వంగిన తీగ వాయిద్యం) కలగలిసిన స్థితిలో దొరికాయి. చెక్క కుళ్లి మిగిలిన ఖాళీల్లో వూలీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయించి పొదుగు పని చెదరకుండా కాపాడాడు. ఆ పని వల్లే ఈ రోజు మనం ఇంత మాట్లాడుకోగలుగుతున్నాం. కానీ తర్వాత మ్యూజియంలో కూర్చేటప్పుడు రెండు వాయిద్యాలనూ కలిపి ఒకే 'హార్ప్-లైర్'గా నిలబెట్టారు. ప్రపంచంలో ఎక్కడా లేని వాయిద్యం తయారైంది. 1971–72లో తవ్వకాల నాటి ఫొటోలను మళ్లీ చూసి రెంటినీ విడదీశారు. దానికి ముందు దశాబ్దాల పాటు ఆ రూపాన్నే జనం చూశారు, నమ్మారు. ఎంత పెద్ద సంస్థలోనైనా నిలబెట్టిన రూపం ఒక అభిప్రాయమే అని ఆవిడకు గుర్తుచేయడం నా ఉద్దేశం. మన నకలు ఆ అభిప్రాయానికి నకలు. దాంతో ఆవిడ మా పని నియమం ఒప్పుకున్నారు: ఎరుపు దారం ఉన్నదాన్ని ముట్టుకోం, తెలుపు దారం ఉన్నదాన్ని మార్చవచ్చు, మార్చిన ప్రతిదీ వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలి.

శ్రుతి ఎందుకు దిగుతోంది

అందరి మొదటి అనుమానం తీగ మీదే. ఇందులో వాడింది గొర్రె పేగుతో చేసిన తీగ. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది, శ్రుతి మారుతుంది. క్లాసులో జనం నిండితే తేమ పెరుగుతుంది. ఆ కారణం చాలా సబబుగా ఉంది కాబట్టే దాని మీద నాకు నమ్మకం కుదరలేదు. అదే చుట్టలోంచి ఒక తీగ తీసి, మందమైన సాగువాన్ దుంగ మీద అదే పొడవుకు, అదే శ్రుతికి బిగించి లైర్ పక్కనే పెట్టాం. దుంగ మీద తీగ కొద్దిగా కదిలింది. లైర్ మీద తీగ అంతకు చాలా ఎక్కువ కదిలింది. అంటే తేమ పాత్ర ఉంది, కానీ అసలు దోషం దానిది కాదు.

ఇంకో పరీక్ష ఇంకా తేలిక. మొదటి తీగను కావాలనే కాస్త ఎక్కువ బిగించి, ముట్టుకోని పదకొండో తీగను మీటి చూడాలి. అది దిగింది. చట్రం వంగుతోందన్న మాట. ఒక తీగ లాగితే భుజాలు లోపలికి వస్తాయి, మిగతావి సడలుతాయి. ఇక ఎన్నిసార్లు శ్రుతి చేసినా కుక్క తోక వంకరే.

ఎంత బరువు లాగుతోందో లెక్క వేశాం. తీగ పొడవు 70 సెంటీమీటర్లు, మందం 0.8 మిల్లీమీటర్లు, సెకనుకు 196 కంపనాలు. పేగు తీగ సాంద్రత నీటికి 1.3 రెట్లు అనుకుంటే ఒక్క తీగ బిగువు దాదాపు 5 కిలోలు వస్తుంది. లావు తీగలు లావుకు తగ్గట్టు కింది స్థాయిలో ఉంటాయి కాబట్టి అన్నిటికీ ఇంచుమించు అంతే. మొత్తం 55 కిలోలు. 11 చోట్ల తొలిచిన అడ్డకర్ర, సన్నటి రెండు భుజాలు ఒక మనిషి బరువు మోస్తున్నాయి.

మ్యూజియం వాళ్ల సాంకేతిక సిబ్బంది ఒక సలహా ఇచ్చారు: భుజాల లోపల కార్బన్ ఫైబర్ కడ్డీలు దూరిస్తే సరి, బయటికి కనపడవు. నాకు నచ్చలేదు. బయటికి కనపడకపోవడమే నా అభ్యంతరం. కానీ నచ్చలేదని పరీక్షించకుండా పక్కన పెట్టడం కూడా సరికాదు. లోపల ఏమీ దూర్చకుండా, బయటి నుంచి భుజాలకు బిగింపు పట్టీలు కట్టి, అదే గట్టితనం తాత్కాలికంగా ఇచ్చి చూశాం. శ్రుతి నిలబడింది. కానీ ఆవు తల దగ్గరి అతుకు ఇంకాస్త విచ్చుకుంది. భుజం వంగనప్పుడు ఆ భారమంతా భుజం మొదలు నాటుకున్న చోటికి పోతుంది కదా. ఒక చోట బలం పెడితే బలహీనత ఇంకో చోటికి నడిచి వెళ్లింది. పట్టీలు విప్పేశాం.

అప్పుడు ప్రశ్న తిరగేశాం. చట్రాన్ని బలపరచడం ఎందుకు, బరువే తగ్గించవచ్చు కదా? 196 అనే స్థాయి ఎక్కడిది? నకలు చేసినాయన ఇప్పటి గాయకులకు అనువుగా ఉంటుందని ఎంచుకున్నది. తెలుపు దారం. బిగువు కంపన సంఖ్య వర్గాన్ని బట్టి మారుతుంది. షడ్జం నుంచి కింది పంచమానికి దింపితే, అంటే నాలుగింట మూడు వంతులకు తెస్తే, బిగువు దాదాపు 56 శాతానికి పడిపోతుంది. 55 కిలోలు 31 కిలోలవుతాయి. కర్ర ఏమీ కోయనక్కర్లేదు. నచ్చకపోతే సాయంత్రానికి మళ్లీ పైకి ఎక్కించవచ్చు. అంత చౌకైన మార్పును మొదట ప్రయత్నించకపోతే ఇంకేం ప్రయత్నిస్తాం? శ్రుతి దిగడం ఆ మార్పుతోనే చాలావరకు అదుపులోకి వచ్చింది.

గొట్టాలు, పిన్నులు

ఉక్కు పిన్నులు తీసేయడానికి రెండు కారణాలు. అవి అడ్డకర్రను చిల్లులు పెట్టి బలహీనపరుస్తున్నాయి. పైగా అసలు గొట్టాలను అలంకారంగా మార్చేస్తున్నాయి. గొట్టం నిజంగా పని చేసిన వస్తువైతే ఎలా చేసి ఉంటుంది? తూర్పు ఆఫ్రికా లైర్లలో ఈనాటికీ ఒక పద్ధతి ఉంది: అడ్డకర్ర చుట్టూ గుడ్డో తోలో చుట్టి, దాని మీద తీగ చుట్టి, ఆ చుట్టలో ఒక పుల్ల దూర్చి తిప్పుతారు. పుల్ల మీటలా పనిచేస్తుంది, రాపిడి పట్టుకుంటుంది. ఊర్ గొట్టాలకు ఆ పని సరిపోతుంది. ఇది రుజువు కాదు; కర్రకు చిల్లు పడదు, చేత్తో తిప్పవచ్చు అన్న రెండు లాభాలున్న ఊహ. తెలుపు దారమే, కానీ ముందున్న తెలుపు కన్నా మేలు.

అడ్డకర్ర కొత్తది చేశాం, పాతది దాచాం. మొదట నార గుడ్డ చుట్టి చూశాం. మొదటి గంట బాగానే ఉంది, తర్వాత గుడ్డ నలిగి నున్నబడి జారింది. చుట్టలు పెంచితే పట్టు పెరిగింది కానీ గొట్టం తిప్పితే తీగ కదలకుండా ఉండి, ఒక్కసారిగా గెంతింది. శ్రుతికి అంతకన్నా చెడ్డది లేదు. తర్వాత పలచటి మేకతోలు పట్టీ, గరుకు వైపు కర్రకు ఆనేలా, కొద్దిగా గుగ్గిలం పొడి చల్లి చుట్టాం. అది కుదిరింది. ఒక అరగంట పాఠం నిలబడుతుంది. చేత్తో తిరుగుతుంది. బిగించేటప్పుడు గొట్టాన్ని తిప్పుతూనే కర్ర వైపు నొక్కాలి. తంబురా బిరడ తిప్పినవాళ్లకు ఆ చెయ్యి వెంటనే వస్తుంది, మిగతావాళ్లకు కొంచెం అలవాటు కావాలి.

పలక, రేకు

ఈ భాగం దగ్గర ఎక్కువ సమయం గడిపాం. మందం సగానికి పైగా తగ్గించాలన్నది స్పష్టం. కానీ పాత పలకను చిత్రిక పట్టేస్తే తిరిగి రాదు, పైగా అది ఇంకొకరి పని. దాన్ని చెక్కు చెదరకుండా ఊడదీసి, కొత్త పలక చేయాలని నిర్ణయించాం. చెక్క దేవదారు, మందం 4 మిల్లీమీటర్లు. మెసొపొటేమియా వాళ్లు లెబనాన్ వైపు నుంచి దేవదారు తెప్పించుకున్నట్టు వాళ్ల రాతల్లోనే ఉంది. ఆ చెక్కను లైర్లకు వాడారని ఆ మాటకు అర్థం కాదు. తేలికైనది, ఆ కాలంలో దొరికేది అన్న రెండు షరతులు తీరాయి, అంతే.

అసలు చిక్కు రేకుది. లెక్క చూడండి. 4 మిల్లీమీటర్ల దేవదారు పలక చదరపు మీటరుకు దాదాపు 2 కిలోలు. 0.2 మిల్లీమీటర్ల వెండి రేకు చదరపు మీటరుకు 2.1 కిలోలు. అంటే గోరంత మందం కూడా లేని రేకు, తన కింద ఉన్న చెక్క మొత్తం ఎంత తూగుతుందో అంత తూగుతుంది. బరువెక్కిన పలకను తీగ కదిలించలేదు. పాత నకలులో మోత లేకపోవడానికి కారణం సగం చెక్క, సగం రేకు, రెంటి మధ్యా గట్టిపడ్డ ఎపాక్సీ. రేకు మాత్రం ఎరుపు దారం! తీసేస్తే అది వెండి లైర్ కాదు.

0.1 మిల్లీమీటరు వెండి రేకు తెప్పించాం. అసలు దాంట్లో మేకులతో బిగించారు కాబట్టి ముందు మేకులతోనే, జిగురు లేకుండా బిగించాం. కొన్ని తీగలు మీటినప్పుడు రేకు చెక్కకు తగిలి జుయ్యిమంది. ఇక్కడే నేను చెప్పిన పక్కదారి. ఆ జుంకారం వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. తంబురాలో తీగ కింద పెట్టే జీవాళి దారం సరిగ్గా కుదిరిన క్షణంలా వినపడింది. ఇథియోపియా బెగెనా లైర్‌లో కూడా తీగకూ బ్రిడ్జికీ మధ్య తోలు ముక్కలు పెట్టి కావాలనే ఇలాంటి మోత పుట్టిస్తారు. "ఇలాగే ఉంచేద్దాం, బ్రిడ్జి దగ్గర దారం కూడా వేద్దాం" అని నోటిదాకా వచ్చింది. ఆచార్యురాలికీ తెగ నచ్చింది. నచ్చడం వల్లే ఆగాం. బ్రిడ్జి మిగల్లేదు, దారం వేశారో లేదో చెప్పే వస్తువు ఏదీ లేదు. నేను తంబురాల మధ్య పెరిగినవాణ్ణి కాబట్టి నా చెవికి అది ప్రాచీనంగా అనిపించింది. ఆ సమాధిలోని వాళ్ల చెవికి ఎలా ఉండేదో నా చెవి చెప్పదు. పైగా ఈ మోత నిలకడైనది కూడా కాదు. వాన రోజున మూడో తీగకు వచ్చింది, ఎండ రోజున ఏడో తీగకు పోయింది. తంబురాలో జీవాళిని మనం జరుపుకోగలం. వదులు రేకు మన మాట వినదు.

కాబట్టి రేకు కింద ఏదో ఒకటి ఉండాలి. వీణకు మెట్లు మైనంలో కూర్చే పని నాకు అలవాటు. మైనం పట్టుకుంటుంది, వేడి చేస్తే వదులుతుంది. ఊర్ కళాకారులు పొదుగు ముక్కలను కూర్చింది సహజంగా దొరికే తారులో. తేనెమైనం, గుగ్గిలం కలిపి అతి పలచగా, రేకు అంచుల్లోనూ మేకుల వరసల కిందా మాత్రమే పూశాం. మధ్యభాగం ఖాళీ. జుంకారం ఆగింది. వేడి గాలి తగిలిస్తే రేకు మొత్తం ఊడొస్తుంది, ఇంకొకరు ఇంకో రకంగా ప్రయత్నించవచ్చు.

ఇంత చేసినా రేకు ఉన్న పలక మోత, లేని పలక మోత ఒకటి కావు. అందుకని రెండు పలకలూ ఉంచాం. ఒకటి రేకుతో, ఒకటి ఉత్త దేవదారుతో. చెక్క సీలలు తీసి మార్చుకోవచ్చు. ఉత్త పలక బిగ్గరగా, చప్పున మోగి చప్పున ఆగుతుంది. వెండి పలక మోత తగ్గినా నాదం కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. ఆచార్యురాలు దీన్నే పాఠంగా మార్చుకున్నారు. ఒకే శ్రుతిని రెండు పలకల మీద వినిపించి, ఇలాంటి లైర్లు రోజూ వాయించేవా, లేక సమాధి కోసమే వెండి తొడిగారా అన్న చర్చ పిల్లల చేత చేయిస్తున్నారు.

మోత చాలదని మ్యూజియం వాళ్లు పికప్ మైకు పెడదామన్నారు. దానికి బదులు కుర్చీలు మార్చమన్నాను. ఊర్ స్టాండర్డ్ అని పేరుపడ్డ పెట్టె మీద విందు దృశ్యంలో ఒకడు నిలబడి లైర్ వాయిస్తుంటాడు, వెనకే ఒక గాయని గానీ గాయకుడు గానీ ఉంటారు. ఎదురుగా కొద్దిమంది అతిథులు. అది పెద్ద హాలుకు వాయించిన వాయిద్యమని అనుకోవడానికి ఆ బొమ్మలో ఏమీ లేదు. కుర్చీలను అర్ధచంద్రాకారంగా దగ్గరికి జరిపితే సరిపోయింది.

అతుకు

ఆవు తల దగ్గరి అతుకు తేలిగ్గా తేలింది. మ్యూజియం స్టాండు రెండు లోహపు కొక్కేలది. పెట్టె అడుగు గాల్లో, తల బరువు ముందుకు. 789వ నంబరు సమాధిలోంచి వచ్చిన, ఇప్పుడు ఫిలడెల్ఫియాలో ఉన్న లైర్ ముందు పలక మీద ఒక సరదా బొమ్మ ఉంది. గాడిద ఒక పెద్ద ఎద్దు తల లైర్ వాయిస్తుంటే, ఎలుగుబంటి దాన్ని నిలబెట్టి పట్టుకుంటుంది. నవ్వు తెప్పించే బొమ్మే అయినా మాకు అదే నీలం దారం: పెద్ద లైర్ పెట్టె కింద ఆని ఉంటుంది, పైచట్రానికి వేరే ఆసరా ఉంటుంది. అడుగంతా ఆనే చెక్క పీట చేసి, ముందు భుజానికి తోలు పట్టీ ఆసరా ఇచ్చాం. అతుకులో పాత జిగురు తీసి, చేప జిగురుతో మళ్లీ అతికించాం. తర్వాత విచ్చుకోలేదు.

శ్రుతి చేసే క్రమం

ఊర్‌లోనే దొరికిన ఒక మట్టి పలక మీద తీగలను ఒక మేళం నుంచి ఇంకో మేళానికి మార్చే క్రమం ఉంది. అది క్రీ.పూ. 18వ శతాబ్దం ప్రాంతానిది. అంటే మన లైర్‌కు ఏడెనిమిది వందల ఏళ్ల తర్వాతది. పసుపు దారం కట్టింది అందుకే. ఫలానా మేళంలో ఫలానా రెండు తీగల మధ్య పొందిక స్పష్టంగా లేకపోతే, ఫలానా తీగ మార్చు, కొత్త మేళం వస్తుంది అన్న పద్ధతిలో సాగుతుంది. ఉదాహరణకు కిత్ముమ్ మేళంలో 2, 6 తీగలు పొసగవు. 2ను, దాంతో పాటు 9ని మారిస్తే ఇషార్తుమ్ మేళం వస్తుంది. రెండు తీగలూ కలిసి ఎందుకంటే తొమ్మిదోది రెండోదానికి స్థాయి జంట, అంటే ఒక స్థాయి తేడాతో అదే స్వరం. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లకు ఈ మేళాల చుట్టరికం కొత్తగా అనిపించదు. శంకరాభరణం, ఖరహరప్రియ, తోడి, కల్యాణి, హరికాంభోజి, నఠభైరవి గ్రహభేదంతో ఒకదాంట్లోంచి ఒకటి వచ్చే కుటుంబమే అది. పద్ధతి మాత్రం వేరు. మనం ఆధార షడ్జం జరుపుతాం, వాళ్లు తీగ మారుస్తారు.

ఇక్కడ రెండు నిర్ణయాలు. పాత నకలులో ముందు తీగ నుంచి వెనక్కి స్థాయి పెరుగుతూ ఉంది. మట్టి పలకను 1960లలో చదివిన తీరు అది. తర్వాత దాన్ని మరింత జాగ్రత్తగా చదివాక ముందు తీగే అన్నిటికన్నా హెచ్చు స్థాయిదని పండితులు తేల్చారు. తీగల పేర్లలో 'మూడోది, సన్ననిది' అని ఉండటం కూడా దానికి తోడు. కాబట్టి వరస తిరగేశాం. ముందు అంటే ఆవు తల వైపా, వాయించేవాడి వైపా అన్నది మాత్రం మా ఊహ. తల వైపు ఎంచుకున్నాం. రెండోది, మట్టి పలకలో తీగలు 9, లైర్‌లో 11. మిగిలిన రెంటిని 3, 4 తీగల స్థాయి జంటలుగా పెట్టి, వాటి గొట్టాలకు తెల్ల దారం శాశ్వతంగా ఉంచేశాం. పిల్లలు అడుగుతారు. అడగాలనే ఉంచాం.

తోలు చుట్టల మీద అర్ధస్వరం కచ్చితంగా కదిలించడం మొదట్లో కష్టమనిపించింది. చెవి ఒక్కటే దారి. రెండు తీగలు కలిపి మీటి, నాదంలో అల నెమ్మదించి ఆగేదాకా గొట్టం తిప్పాలి. ఎలక్ట్రానిక్ ట్యూనర్ పక్కన పెట్టమన్నాం, అది సమాన విభాగాల స్వరాలు చూపిస్తుంది, మట్టి పలక చెప్పే పొందిక అది కాదు. ఆచార్యురాలికి ఇప్పుడు పాఠం మధ్యలో ఒక మేళం నుంచి ఇంకోదానికి వెళ్లడానికి పానా అక్కర్లేదు.

ఈ కేసు తర్వాత మా దగ్గర మారినవి

నకలు మరమ్మతుకు వస్తే ముందు అడిగే ప్రశ్న "దేన్ని చూసి చేశారు?" అన్నది. తవ్వకాల నాటి ఫొటోనా, ప్రదర్శనలోని రూపమా, వేరే నకలా? మూడో రకమే ఎక్కువ, చెప్పాలంటే. దుంగ మీద జోడీ తీగ బిగించే పరీక్ష ఇప్పుడు ప్రతి తీగ వాయిద్యానికీ చేస్తున్నాం, తేమ మీద నెట్టేసే అలవాటు దాంతో పోయింది. బలం చేర్చే ముందు బరువు తగ్గించి చూడటం అన్నది ఇక నియమం.

ప్రదర్శన పక్క బోర్డు మీద "4,500 ఏళ్ల నాటి సంగీతం వినండి" అని ఉండేది. అది తీయించడానికి కొంచెం వాదన అయింది. ప్రచార విభాగానికి ఆ వాక్యం ముద్దు. చివరికి దారాల పటం ముద్రించి, ఏ రంగు ఏమిటో రాసి పక్కన పెట్టారు. ఆ పటం ముందు జనం వాయిద్యం ముందు కన్నా ఎక్కువసేపు నిలబడుతున్నారని ఆచార్యురాలు చెప్పారు.

మిగిలిపోయినవి ఉన్నాయి. అన్నిటికన్నా కింది తీగ ఇప్పటికీ బలహీనంగానే పలుకుతోంది. శ్రుతి దించాక లావు పేగు తీగకు బిగువు చాలడం లేదు. లోహపు తీగ చుట్టిన పేగు వాడితే బాగుపడుతుంది. కానీ అలా చుట్టడం ఐరోపాలో 17వ శతాబ్దంలో వచ్చిన పద్ధతి, కాబట్టి వద్దనుకున్నాం. నాలుగు సన్న పోగులు తాడులా పేని చూడాలని అనుకుంటున్నాం, వచ్చే వార్షిక తనిఖీకి ఒకటి పేని తీసుకెళ్తాం. పాత పలక, పాత అడ్డకర్ర, 11 ఉక్కు పిన్నులు మ్యూజియం స్టోర్‌లో ఒకే పెట్టెలో, లైర్ నమోదు సంఖ్యతోనే ఉన్నాయి.